నూకప్ప గొంతులో మూడు శాతం వదులు

గొట్టాన్ని గీయడంలో ఏముంది, రెండు గీతలు పక్కపక్కన లాగితే అయిపోయె అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇనప పైపు అయితే మీ ఇష్టం. ఎక్కడ వంచితే అక్కడ వంగి, చచ్చినట్టు పడి ఉంటుంది. రబ్బరు గొట్టం అలా కాదు. రెండు కొసలూ ఎక్కడ బిగించాలో చెప్పడం వరకే మన పెత్తనం. మధ్యలో ఎటు ఒరగాలో, ఎలా వాలాలో అదే తేల్చుకుంటుంది. కంప్యూటర్లో డిజైన్ నేర్చుకుని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు తెర మీద నాలుగు చుక్కలు పెట్టి, వాటి గుండా ముచ్చటైన వంపు ఒకటి లాగి, "అయిపోయింది మేడమ్" అంటారు. తీరా నిజం హోసు తెచ్చి బిగిస్తే ఇంజను పక్కన మడతపడి ఊరుకుంటుంది. అప్పుడు తిట్లు నాకు.

నా పేరు గజలక్ష్మి. విశాఖపట్నం ఆటోనగర్లో హోసులు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో పదిహేనేళ్ళుగా డిజైనర్ని. చేపల బోట్ల ఇంజన్లకీ, క్రేన్లకీ, రాళ్ళు కొట్టే మిషన్లకీ నూనె గొట్టాలు గీస్తాను. ఈ పదిహేనేళ్ళలో నేను సాధించింది ఒక్కటే. 'వాలు' అని ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాను. దానికి చుక్కలు అక్కర్లేదు. కొసలు ఎక్కడున్నాయి, పొడుగెంత, గొట్టం ఎంత బిరుసు అని చెప్తే చాలు, తెర మీద గొట్టం తనంతట తానే వాలుతుంది. మా ఓనరు సన్యాసిరావు గారు షిప్‌యార్డులో ఫిట్టరుగా జీవితమంతా గడిపి వచ్చిన మనిషి. రోజూ టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి, గొట్టం వాలుతుంటే చూసేవారు.

"అచ్చం నిజం హోసులాగే ఏడుస్తందమ్మా," అని మెచ్చుకునేవారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

డాక్టర్ షంషాద్ బేగం మా షెడ్డుకి వచ్చింది ఆ వాలును చూడడానికే. ఆవిడ గొంతు ఆపరేషన్లు చేసే డాక్టరు. వాళ్ళ ఆపరేషన్ గదిలో ఒక మిషను గొట్టం వారానికోసారి మడతపడుతుంటే అంతకుముందు మేమే సరిచేసి ఇచ్చాం. ఈసారి ఆవిడ చేతిలో మూతపెట్టిన స్టీలు ట్రే ఉంది. మూత తీస్తే ఉప్పునీళ్ళలో, చూపుడువేలంత పొడుగున, లేత గులాబీ రంగులో ఏదో తేలుతోంది.

"ఇది కూడా గొట్టమే గజలక్ష్మి గారూ. మనిషి కణాలతో పెంచాం. గోడల్లో సన్నటి కండ పోగులున్నాయి, కరెంటు తగిలితే వంగుతుంది. ఎలా వంగాలో దానికి చెప్పేవాళ్ళే దొరకడం లేదు," అన్నారావిడ.

ట్రే నుంచి వచ్చిన వైరును నా కంప్యూటరుకు తగిలించాను. కొలతలు వాలులో వేశాను. తెర మీద గొట్టాన్ని మౌసుతో పట్టుకుని కొంచెం పైకి లాగాను. ట్రేలో ఉన్నది తల ఎత్తింది. ఎడమకు తిప్పితే ఎడమకు తిరిగింది. సన్యాసిరావు గారు రెండడుగులు వెనక్కి వేశారు, టీ సగం చొక్కా మీద పోసుకున్నారు.

"ఓలమ్మా! పాము కాదు కదా డాక్టరమ్మా?"

"గొంతు," అన్నారావిడ నవ్వుతూ.

కాన్సరు వచ్చి గొంతుపెట్టె తీసేసినవాళ్ళ మెడలో నరాలు బతికే ఉంటాయట. మాట్లాడు, కేకెయ్యి, పాడు అని మెదడు పంపే హుకుములు మెడదాకా వస్తూనే ఉంటాయి, అందుకునేందుకే అక్కడ ఎవరూ ఉండరు. కందిగింజంత చిప్పు ఒకటి మెడలో పెడితే ఆ హుకుములు పట్టుకుంటుంది. ఆ చిప్పులో నేను గీసిన గొట్టం బొమ్మ నడుస్తూ ఉంటుంది. బొమ్మ ఎలా వంగితే మెడలో గొట్టం అలా వంగుతుంది. డాక్టరు గారి దగ్గరి ఇంజనీర్లు అప్పటికి మూడు గీశారు. మూడూ మడతపడ్డాయి.

"చుక్కలు పెట్టి గీశారా?" అని అడిగాను.

"అవును."

"మరి మడతపడక!"

ఆ గొట్టం ఎవరి మెడ కోసమో వారం తర్వాత ఆస్పత్రిలో చూశాను. మైలపల్లి నూకరత్నం. యాభై రెండేళ్ళు. ఫిషింగ్ హార్బరులో ఇరవై ఆరేళ్ళు చేపల పాట పాడిన మనిషి. పాట అంటే వేలం. బోటు రేవుకు తగలగానే గంపలు దింపి వరసగా పెడతారు, చుట్టూ కొనేవాళ్ళు మూగుతారు, పాట పాడే మనిషి మధ్యలో నిలబడి రేటు పైకి ఎగదోస్తుంది. రేవులో అందరూ ఆవిడను నూకప్ప అంటారు, అక్కడ అప్ప అంటే అక్క. ఆవిడ గొంతు పట్టుకుని బోటువాళ్ళు మంచులో కూడా దారి తెలుసుకునేవారని చెప్పుకుంటారు. నిరుడు ఆ గొంతు ఆపరేషన్లో పోయింది.

మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. పెదవులు కదిలాయి. చేతులు ఊగాయి. నిమిషంపాటు ఏదేదో అన్నది, చప్పుడు లేకుండా. పక్కన చెల్లెలు పోలమ్మ పెదవులు చూసి చెప్పింది.

"నమస్తే అంటందమ్మ."

"అంతేనా? చాలాసేపు మాట్లాడారు కదా."

"మిగిలింది సెప్పకూడదమ్మ," అంది పోలమ్మ తల దించుకుని.

నూకప్ప చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ మనిషి నాకు అప్పుడే నచ్చింది.

పోలమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చి అసలు సంగతి చెప్పింది. "అప్ప బదులు నేనే పాడతన్నానమ్మ పాట. నా గొంతు పక్కోలికే ఇనబడదు. సగం బోట్లు పక్క పాటకెల్లిపోనాయి. అప్ప రోజూ ఒచ్చి మెట్ల మీద కూకుంటాది. నేను తప్పు పాడితే ఏల్లు కొరుక్కుంటాది. తిందామంటే తిండి ఎక్కదు, పడుకుందామంటే నిద్దర రాదు. ఆ పాట లేపోతే అది బతకదమ్మ."

మొదటి గొంతును నేను భయభక్తులతో గీశాను. మా షెడ్డులో ఏ హోసు గీసినా, కావాల్సిన పొడుగు కన్నా మూడు శాతం ఎక్కువ ఇస్తాం. దాన్ని వదులు అంటాం. ఒత్తిడి ఎక్కితే గొట్టం కురచవుతుంది, బిగుతుగా కడితే కొస దగ్గర తెగుతుంది, అందుకని. వాలులో ఆ వదులుకు ఒక గడి ఉంది. డాక్టరు గారు మాత్రం ఒప్పుకోలేదు.

"ఇది ఇంజను కాదండీ, మెడ. వెంట్రుకవాసి ఎక్కువైనా లోపల ముడత పడి రాసుకుంటుంది. కొలిచినంతే ఇవ్వండి."

గడిలో టిక్కు తీసేసి కొలిచినంతే ఇచ్చాను. ట్రేలో ఆరు వారాలు పెరిగింది. ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. ఇరవయ్యో రోజున కట్లు విప్పి, చిప్పు నడిపించి, డాక్టరు గారు "మాట్లాడండమ్మా" అన్నారు.

"నా పేరు మైలపల్లి నూకరత్నం," అంది నూకప్ప.

స్పష్టంగా, ఒక్క అక్షరం పోకుండా. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. నర్సులు ఒకరినొకరు కావలించుకున్నారు. పోలమ్మ భోరుమంది. సన్యాసిరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నూకప్ప మాత్రం మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

"ఇది నా గొంతు కాదు," అంది. "టేసన్ల మైకుది."

నిజమే. ప్రతి మాటా ఒకే ఎత్తులో, ఒకే వరసలో, ఏదో రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టు ఉంది. గట్టిగా అరవబోయింది. గొట్టం బిగుసుకుని ఈలలా గాలి మాత్రం వచ్చింది. దాని మీద తనకే నవ్వు వచ్చినట్టుంది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు. నవ్వు వినబడకపోతే నవ్వుతున్న మనిషి ఏడుస్తున్నట్టే ఉంటుంది. నేను గీసినదాని వల్ల ఒక మనిషి నవ్వు పోయిందే అని ఆ రోజు నేను అన్నం తినలేదు.

"ఇంకోటి గీస్తాను," అన్నాను మర్నాడు డాక్టరు గారితో.

"గీయండి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. గొట్టం మార్చిన ప్రతిసారీ మెడలో దాన్ని కుట్టే చోటు కొంచెం కోసేయాలి. ఇప్పుడు మారిస్తే రెండోది. దాని తర్వాత ఇంకొక్కటే. ఆ మూడోది పోతే కుట్టడానికి చోటుండదు, ఇక ఎప్పటికీ మాట ఉండదు."

గోడ మందం మార్చాను. కండ పోగుల అల్లిక మార్చాను. ఏ పోగు ఎప్పుడు బిగియాలో మొదటి నుంచీ మళ్ళీ లెక్క కట్టాను. పదిరోజులు నాకు ఇంకో పని లేదు. పాత బొమ్మ మీద విసుగొచ్చి, కొత్త ఫైలు తెరిచి మొదలుపెట్టాను. సరిగ్గా అక్కడే చేశాను తప్పు. వాలులో కొత్త ఫైలు తెరిస్తే వదులు గడిలో టిక్కు దానంతటదే పడి ఉంటుంది. నేనే అలా రాసుకున్నాను, మా షెడ్డులో వదులు లేని హోసు బయటికి పోకూడదని. పదిహేనేళ్ళుగా ఆ గడివైపు నా కన్ను పోవడం మానేసింది. మొదటిసారి డాక్టరు గారు పక్కన ఉండబట్టి తీశాను. రెండోసారి తీయలేదు.

ఆరు వారాలకు కొత్త గొట్టం పెరిగింది. డాక్టరు గారు ఏది పెంచినా జంటగా పెంచుతారు, ఒకటి మెడకు, ఒకటి పరీక్షకు. పరీక్ష ల్యాబులో. నూకప్ప మెడలో నరాలు పంపిన హుకుములను అంతకు ముందు మూడు రోజులపాటు రికార్డు చేసి ఉంచాం. వాటిని ట్రేలోని గొట్టానికి వినిపిస్తూ, కింద నుంచి చిన్న పంపుతో గాలి ఊదుతాం. అప్పుడు గొట్టం ఏమంటుందో వింటాం. సన్యాసిరావు గారు కూడా వచ్చారు. అక్కచెల్లెళ్ళిద్దరూ బయట వరండాలో బెంచీ మీద ఉన్నారు.

డాక్టరు గారు ట్రేలోకి వంగి చూసి కనుబొమలు ముడిచారు. స్కేలు తెచ్చి పెట్టారు.

"గజలక్ష్మి గారూ, ఇది దాదాపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంది."

తొమ్మిది సెంటీమీటర్ల గొట్టానికి మూడు శాతం. "వదులు గడి... టిక్కు తీయలేదండీ. తప్పు నాదే," అన్నాను.

"ఆరు వారాలు!" అన్నారావిడ. ఆవిడ గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. "ఆవిడ ఆరు వారాలుగా ఆ రైల్వే గొంతుతో ఎదురు చూస్తోంది. ఏమని చెప్పమంటారు? గడి చూసుకోలేదని చెప్పనా?"

"గొట్టానికి వదులుంచడం తప్పెలాగవుద్దమ్మా?" అని సన్యాసిరావు గారు అడ్డం వచ్చారు. "లాగి కడితే ఏ గొట్టమైనా మూలుగుద్ది."

"మీరు ఊరుకోండి సార్," అన్నాను నేను. అసలే నా మీద నాకే చిరాకుగా ఉంది.

ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నాం. పంపు ఆపాలని ఎవరికీ తోచలేదు. రికార్డింగు నడుస్తూనే ఉంది. అప్పుడు మా మధ్యలో, బల్ల మీద, స్టీలు ట్రేలో నుంచి ఎవరో ఆడమనిషి నవ్వింది.

మామూలు నవ్వు కాదు. కిందెక్కడో గరగరమని మొదలై, మెట్లెక్కినట్టు పైకి పోయి, పైన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గలగలా కిందికి జారింది. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని ట్రే వంక చూశాం. ఎక్కువైన ఆ మూడు మిల్లీమీటర్లూ గొట్టం మధ్యలో చిన్న మడతగా చేరి, నవ్వుతున్నంతసేపూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. బిగుతు గొట్టంలో గాలి తిన్నగా పోతుంది. ఇందులో ఆ మడత దగ్గర ఆగి, ఆడుకుని, అప్పుడు పోతోంది.

తలుపు దభాలున తెరుచుకుంది. పోలమ్మ.

"అప్ప నవ్వు! మా అప్ప నవ్వు! ఎవలు నవ్వించినారు?"

ఆమె వెనకే నూకప్ప, ఒక చెయ్యి మెడ మీద పెట్టుకుని నిలబడి ఉంది. ట్రే దగ్గరికి వచ్చింది. అందులోకి చూసింది. రికార్డింగులో ఇంకో నవ్వు రాగానే గొట్టం మళ్ళీ నవ్వింది. నూకప్ప కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. కానీ మొహం వెలిగిపోతోంది.

"అది నాది," అంది రైల్వే గొంతుతో. "నాకిచ్చీ."

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది! నేనూ అలాగే అనుకున్నాను. కానీ మా షెడ్డులో ఒక అలవాటుంది. ఏ కొత్త హోసునైనా అది తెగేదాకా ఆపకుండా వంచి చూసే మిషను ఒకటి మా దగ్గర మూలన తిరుగుతూ ఉంటుంది. ఎన్ని వంపులకు తెగిందో అదే దాని ఆయుష్షు. ఆ పద్ధతిలోనే వేలెడంత మిషను ఒకటి చేసి, జంటలో రెండో గొట్టాన్ని అందులో పెట్టాను. మూడు వారాలు తిప్పాను. వచ్చిన జవాబు చూసి మళ్ళీ లెక్క కట్టాను. అదే జవాబు.

ఆ జవాబు పట్టుకుని స్కూటరు మీద హార్బరుకు వెళ్ళాను. నూకప్ప ఇల్లు రేవుకు రెండు సందుల అవతల. ఇంటి ముందు అరుగు మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. పోలమ్మ నాకు టీ తెచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక టీ అంతా తాగేశాను.

"సెప్పు పాపా," అంది నూకప్ప. "నీ మొకం సూత్తే తెలుస్తంది, బాగోనిదే తెచ్చినావు."

"ఆ మడత ఉంది చూశారూ, నవ్వు వచ్చేది దానివల్లే. కానీ అది లోపల రాసుకుంటోంది. మెల్లగా మాట్లాడితే గొట్టం పదకొండేళ్ళు వస్తుంది. రోజూ రేవులో నిలబడి పాట పాడితే పద్నాలుగు నెలలు."

"తరవాత?"

"ఇంకొక్క గొట్టం. అది కూడా అంతే. ఆ తర్వాత..." అని ఆగిపోయాను. ఆవిడే అంది.

"తరవాత మాట లేదు."

"బిగుతు గొట్టం అట్టే పెట్టుకుంటే ఈ బాధ లేదు నూకప్పా. ఇరవై ఏళ్ళయినా ఉంటుంది."

ఆవిడ కర్ర పక్కన పెట్టింది. రైల్వే గొంతుతోనే, కానీ కళ్ళల్లో మాత్రం రేవులో పాట పాడే మనిషే, నన్ను నిలదీసింది.

"ఇరవై ఏళ్ళు దీంతో ఏటి మాటాడాల? కూర ఉడికిందా, తలుపెయ్యి, కాకి ఒచ్చింది. ఇవ్వేనా? ఇవి సెయ్యి ఊపినా తెలుస్తాయి కదేటి."

పోలమ్మ ముందుకు వచ్చి అక్క మోకాళ్ళు పట్టుకుంది. "నీ మాట నాకు గావాలప్పా. ఆ మైకు గొంతే అయినా గావాల. రెండున్నరేల్లకి మల్లీ మూగైపోతే నేనేటైపోవాల?"

నూకప్ప చెల్లెలి తల నిమురుతూ కూర్చుంది. కాకులు వచ్చి నెత్తళ్ళు ఎత్తుకుపోతుంటే కూడా చూడలేదు. తర్వాత నావైపు తిరిగింది.

"పద్నాలుగు నెలలన్నావు. అందులో ఏట నిషేధం ఎంత?"

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలానికి రెండు నెలలు బోట్లను సముద్రం మీదికి పోనివ్వరు. ఆ సంగతి నా లెక్కలో లేదు. "అరవై రోజులు," అన్నాను.

"ఆ అరవై రోజులూ నోరు మూసుకుంటాను. నీ లెక్కకి కలుపుకో. పదారయ్యింది. ఆదోరం పాట పోలి పాడతాది, కలుపుకో. తుపానుకి జెండా ఎగరేసిన రోజులు కలుపుకో. ఇంట్లో సైగలే, మాటాడను, కలుపుకో. ఇప్పుడు సెప్పు, ఎంత?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మనిషి తన గొంతుకు తానే పాట పెట్టుకుంది. రబ్బరుతోనూ కండ పోగులతోనూ బేరాలాడడం కుదరదని నేను ఎన్ని విధాల చెప్పినా వినదే! ఆ అరుగు మీదే కూర్చుని ఫోనులో మళ్ళీ లెక్క కట్టాను. ఇరవై ఒక్క నెలలు వచ్చింది.

"రెండేళ్ళు సెయ్యి."

"నూకప్పా!"

"సరే, ఇరవై రెండు. నీ మాటా వద్దు, నా మాటా వద్దు," అని అరచేయి చాచింది.

ఏం చేస్తాను, చేతిలో చెయ్యి వేశాను. ఆ ఒక్క నెల కోసం నేను వారం రోజులు చిప్పులోని బొమ్మలో మడత వంపును నున్న చేస్తూ కూర్చోవలసి వచ్చింది. దొరికింది కూడా. డాక్టరు గారు కాగితాలన్నీ రెండుసార్లు చదివారు. నూకప్పను ఒంటరిగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడారు. బయటికి వచ్చి, "గొంతు ఆవిడది. ఎలా ఖర్చు పెట్టుకోవాలో ఆవిడకే తెలుసు," అన్నారు. డాక్టరు గారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఈసారి కట్లు విప్పిన రోజున నూకప్ప తన పేరు చెప్పలేదు. డాక్టరు గారిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, గరగరమని మొదలుపెట్టి పైదాకా నవ్వింది. పక్క వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. మొదటి రోజు పోలమ్మ నాకు చెప్పకుండా దాచిన మాటలన్నీ అప్పుడు స్వయంగా నాకు చెప్పింది. అవి నేను ఇక్కడ రాయలేను. పోలమ్మ దాచడమే న్యాయం.

నెల రోజులు ఆగి పాటకు దిగమన్నారు డాక్టరు గారు. ఆ పొద్దున్న ఐదున్నరకే నేను హార్బరులో ఉన్నాను. చిప్పులో వంపులు లెక్కపెట్టే ఏర్పాటు ఒకటి చేశాను. ఇంకా ఎన్ని వంపులు మిగిలాయో నా ఫోనులో కనబడుతుంది. ఇరవై రెండు నెలలు ఆ అంకె ఎలా దిగాలో రోజువారీ పట్టిక వేసి పెట్టుకున్నాను. సన్యాసిరావు గారు కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. డాక్టరు గారు బురదలో చీర పాడవుతుందని కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. సంగతి ఎలా పాకిందో ఏమో, పక్క పాటకు పోయిన బోటువాళ్ళు కూడా గంపలు మోసుకుని ఇటే వచ్చారు.

నూకప్ప పచ్చ చీర బిగించి కట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, మొదటి గంప ముందు నిలబడింది. అందులో కానాగంతలు, ఇంకా తళతళలాడుతున్నాయి. చుట్టూ వందమంది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"ఏటలాగ సూత్తారు? సేపలు నా మొకం మీదున్నాయేటి?" అంది నూకప్ప.

రేవు రేవంతా గొల్లున నవ్వింది. ఆ గోల మీదుగా ఆవిడ పాట లేచింది. నేను వాలు రాశాను, ఆ గొట్టాన్ని అణువణువునా ఎరుగుదును, అయినా ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థం కాలేదు. "ఏసుకోండి ఏసుకోండి, రేటు ఏసుకోండి" అని అందుకుంటే కడుపులో అదిరింది. ఒకణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, ఇంకొకడి పిసినారితనం మీద జోకేస్తుంది, వెనక్కి తగ్గబోయినవాడి పెళ్ళాన్ని సాక్ష్యానికి లాగుతుంది, మధ్యమధ్యలో ఆ నవ్వు. మెట్ల మీద వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పోలమ్మ ఏడుస్తూనే గంపలు జరుపుతోంది.

అప్పుడు ఫోను చూశాను. మూడు రోజులకు వేసుకున్న వంపులు పావుగంటలో అయిపోయాయి. ఇదేం మనిషి! గంపకు నాలుగు మాటలు చాలు కదా, ప్రతి గంపకూ తిరునాళ్ళ చేయాలా? వెర్రి కేకలెందుకు, ఆ నవ్వులెందుకు? ఇలా అయితే ఇరవై రెండు నెలలు కాదు, దసరా కూడా దాటదు. ఆవిడ నావైపు తిరిగేదాకా చూసి, జనం మధ్యలో నుంచి చెయ్యి పైకెత్తాను. మెల్లగా, మెల్లగా అని అరచెయ్యి కిందికి ఊపాను.

ఆవిడ చూసింది. నేను ఏమంటున్నానో ఆవిడకు శుభ్రంగా అర్థమైంది. ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది. పెదవి చివర వంకర తిరిగింది.

"అద్దీ! ఆటోనగరు అమ్మగోరు ఏసుకున్నారు!"

"నేను వేసుకోలేదు! నేనన్నది—"

"సెయ్యెత్తినోలు ఏసుకున్నట్టే. రేవులో అదే రూలు," అని అందరివైపు తిరిగింది. "కాదేటి?"

"అవును!" అని అరిచారు వందమందీ. అందులో సన్యాసిరావు గారి గొంతు కూడా ఉంది. డాక్టర్ షంషాద్ బేగం గారి గొంతు కూడా ఉంది.

"గజలచ్చిమి గోరు, ఒకటోసారి!"

"నూకప్పా, మెల్లగా..." అని బతిమాలాను. ఫోనులో అంకెలు జారిపోతున్నాయి.

"గజలచ్చిమీ... రెండోసారి!"

ఆవిడ ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. గొట్టంలో మడత ఎక్కడ తెరుచుకుంటుందో, ఎన్ని పోగులు బిగుస్తాయో నాకు తెలుసు. ఒక్క కేకకు ఎంత పోతుందో తెలుసు. ఆవిడకు కూడా తెలుసు. నా కళ్ళలోకి చూస్తూ, రెండు చేతులూ చాచి, నా పేరు ఎత్తుకుంది. గ దగ్గర మొదలైన ఆ పిలుపు బోట్ల మీదుగా పోయింది, ఐస్ ఫ్యాక్టరీ గోడకు తగిలింది, తిరిగి మా మీదికి వచ్చింది, ఆవిడ ఇంకా చివరి అక్షరం దాకా రాలేదు. కొంగలన్నీ లేచాయి. అవతలి జెట్టీలో జనం పని ఆపి ఇటు తిరిగారు. నేను ఫోను సంగతి మర్చిపోయాను.

"మూడోసారి!"

ముప్పై కిలోల కానాగంతల గంప తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. ఇంట్లో తినేది ఇద్దరం. స్కూటరు మీద అది ఎలా పడుతుందో, ఎవరెవరికి పంచాలో ఏమీ తోచక, మొహం అంతా నవ్వు చేసుకుని అక్కడే నిలబడిపోయాను. నా పేరు అంత పొడుగ్గా ఉంటుందని నాకు ఆ పొద్దుటిదాకా తెలియదు.